లోడర్ సీట్లో ఒక తండ్రి

2023 సెప్టెంబర్. సియాటిల్‌కి ఉత్తరాన ఉన్న బాతెల్‌లో మా స్టూడియో. స్టూడియో అనగానే పెద్ద భవనాన్ని ఊహించుకోవద్దు. ఒక పళ్ళ డాక్టర్ క్లినిక్ పైన రెండు గదులు, అందులో ఓ పదిమందిమి. ఇళ్ళలోని మామూలు కంప్యూటర్ల మీద నడిచే ట్యాంక్ సిమ్యులేటర్ తయారుచేస్తాం. యుద్ధ ట్యాంక్ అని విడిగా చెప్పాలి. లేకపోతే వరంగల్‌లో మా వీధివాళ్ళు అనుకున్నట్టు, నేను అమెరికాలో నీళ్ళ ట్యాంకులు కడుతున్నానని మీరూ అనుకుంటారు.

గేమ్‌కీ సిమ్యులేటర్‌కీ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. గేమ్‌లో బటన్ నొక్కితే గుండు పేలుతుంది. మా దాంట్లో ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి ఆగాలి, టరెట్‌కి కరెంట్ ఇవ్వాలి, దూరం కొలవాలి, పక్కగాలి ఎంతుందో లెక్కలోకి తీసుకోవాలి. టరెట్ అంటే ట్యాంక్ మీద గుండ్రంగా తిరిగే పైభాగం. ఇంత చేసినా మొదటి గుండు తగులుతుందన్న నమ్మకం లేదు. ఇలాంటిదాన్ని డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళు ఉన్నారంటే మొదట్లో నేనూ నమ్మలేదు. పాత సైనికులు, మోడల్ ట్యాంకులు అతికించుకునేవాళ్ళు, కష్టమైనది దేన్నైనా విప్పి చూడాలనుకునేవాళ్ళు మా కస్టమర్లు. మేం చూసి చేసేదంతా అందరికీ దొరికే మాన్యువల్స్, మ్యూజియంలలో తీసిన ఫొటోలు. హెచ్‌వన్‌బీ మీద ఉన్న నాలాంటివాణ్ణి రహస్యాల దాకా ఎవరూ రానివ్వరు, మాకా అవసరమూ లేదు.

నా పని పేరు క్రూ స్టేషన్స్. ట్యాంకులో మనిషి కూర్చునే చోట్లన్నీ నావి. మేం తీసుకున్న ట్యాంకులో అలాంటివి నాలుగు. కమాండర్ చుట్టూ చూసి ఆజ్ఞలిస్తాడు. గన్నర్ సైట్‌లో, అంటే గురి చూపించే అద్దంలో, కన్ను పెట్టి పేలుస్తాడు. డ్రైవర్ ముందుభాగంలో దాదాపు పడుకున్నట్టు కూర్చుని నడుపుతాడు. లోడర్ వెనక అరలోంచి గుండు తీసి ఫిరంగిలో పెడతాడు, అంతే. ఫిరంగికి కుడివైపు గన్నర్, ఎడమవైపు లోడర్.

ఆ "అంతే" దగ్గరే మాకు సమస్య. మా సిమ్యులేటర్ కొన్నవాళ్ళలో లోడర్ సీట్లో కూర్చునేవాళ్ళు లేరు. కూర్చుంటే బయట ఏమీ కనిపించదు. ముందు ఫిరంగి వెనకభాగం, పక్కన ఇనప గోడ, పైన హ్యాచ్, అంటే మూత. మనిషి లేకపోయినా కంప్యూటరే ఆ పని చేసేస్తుంది. అయినా మేం ఏ మార్పు చేసినా నాలుగు సీట్లూ పరీక్షించాల్సిందే. అందుకని నవంబర్ అప్‌డేట్‌లో తీసేయాల్సిన వాటి జాబితా రాసినప్పుడు, మొదటి వరసలో నేను పెట్టింది లోడర్ సీటు. పని కంప్యూటర్ చేస్తుంది, మనిషి కూర్చునే వీలు మాత్రం తీసేస్తాం.

తీసేసే ముందు టెలిమెట్రీ చూడటం మా పద్ధతి. ఒప్పుకున్న యూజర్ల కంప్యూటర్ల నుంచి, ఎవరు ఏ సీట్లో ఎంతసేపు ఉన్నారన్న లెక్క మాకు వస్తుంది. లోడర్ వరసలో అన్నీ సున్నాలే ఉంటాయనుకున్నాను. ఒక్కడు ఉన్నాడు. దాదాపు ప్రతి సాయంత్రం వచ్చి, లోడర్ సీట్లో కూర్చుని, గంట తర్వాత వెళ్ళిపోతున్నాడు. వేరే సీటు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. గుండు పేల్చలేదు. ట్యాంక్ కదలను కూడా కదల్లేదు.

ఏదో ఎర్రర్ అనుకున్నాను. ఆ అకౌంట్ నుంచి మాకు టికెట్లు కూడా వస్తున్నాయని అప్పుడు గమనించాను. టికెట్ అంటే లోపం గురించి యూజర్ రాసే ఫిర్యాదు. ప్రతి టికెట్‌కీ తీవ్రత ఎంతో యూజరే ఎంచుకోవాలి. అసలు గుండే పేలకపోతే క్రిటికల్. రంగు తేడా ఉంటే లో, అంటే తక్కువ. ఈయన రాసినవన్నీ క్రిటికల్. "గుండ్ల అర తలుపు మూసుకునేటప్పుడు లోడర్ కుడి మోకాలు తలుపులోంచి అవతలికి వెళ్తోంది. ఆపరేటర్‌కి గాయమయ్యే ప్రమాదం. వెంటనే సరిచేయగలరు." ఇంకోటి, హ్యాచ్ మూసినప్పుడు తలకీ మూతకీ మధ్య ఖాళీ సరిపోవట్లేదని. మరోటి, గుండు పెట్టాక చెయ్యి వెనక్కి తీసుకునే వేగం తక్కువగా ఉందని.

మా లీడ్ డయాన్ వాటిని చదివి నవ్వింది. "ఈయన మన బొమ్మకి ఇన్సూరెన్స్ చేయిస్తాడేమో కనుక్కో," అంది. సీటు తీసేసే ముందు ఆ ఒక్క యూజర్‌కీ ఫోన్ చేసి చెప్పడం మర్యాద కాబట్టి, నన్నే చేయమంది.

నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఆయనా ఇంగ్లీషులోనే, మోకాలి సంగతి ఏమైందని అడిగాడు. ఆ తర్వాత, "కిరణ్ అన్నావు. తెలుగా?" అన్నాడు.

"అవునండీ. వరంగల్."

"మాది నెల్లూరు. అయితే ఇక సూటిగానే అడుగుతా. ఆ తలుపు మోకాల్ని నలిపేస్తుందా, లేదా?"

"మా దాంట్లోనా అండీ, నిజం ట్యాంక్‌లోనా?"

"రెంటిలోనూ."

"మా దాంట్లో అది ఉట్టి బొమ్మ లోపం. క్లిప్పింగ్ అంటాం. కాలు తలుపులో దూరినట్టు కనపడుతది, ఎవరికీ ఏం కాదు. నిజం దాంట్లో అయితే, మోకాలితో ఒక స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపే తలుపు తెరిచి ఉంటది. తీస్తే మూసుకుంటది. ఎవరికైనా మొదటిరోజు నేర్పేది అదే."

"మొదటిరోజే నేర్పుతారా?"

"నేర్పుతరండీ."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "మా అమ్మాయి చేసేది ఆ పనే," అన్నాడాయన.

ఆయన పేరు రమణ. బాతెల్‌లోనే ఉంటాడు, మా ఆఫీసు నుంచి కార్లో ఐదు నిమిషాలు. ఒక బయోటెక్ కంపెనీ క్వాలిటీ విభాగంలో మేనేజర్. మందు సీసా మూత అరమిల్లీమీటర్ వంకరగా ఉన్నా రిపోర్ట్ రాయడం ఆయన ఉద్యోగం. ఆ టికెట్లు అలా ఎందుకున్నాయో నాకు అర్థమైంది. యూజర్ విజిట్ అని మాకొక అలవాటుంది. వాడేవాళ్ళ ఇంటికి వెళ్ళి, వాళ్ళు ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని చూడటం. ఆ శనివారం మధ్యాహ్నం వస్తానన్నాను.

తలుపు తీసింది ఆయన భార్య లలిత ఆంటీ. నేను చెప్పులు విప్పుతుండగానే ఫిర్యాదు మొదలుపెట్టింది.

"నువ్వేనా ట్యాంకుల అబ్బాయివి? లోపలికొచ్చి చూడు నాయనా ఈయన వాలకం. బియ్యం బస్తాలతో కుస్తీ!"

చూశాను. కంప్యూటర్ ముందు కుర్చీ లేదు, ఎత్తు తక్కువ స్టూలు ఉంది. దాని వెనక పుస్తకాల అర అడుగు వరసలో, ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాలు రెండు ఒకదానికొకటి టేప్‌తో చుట్టి ఉన్నాయి.

"గుండు బరువు ఇంతకంటే కాస్త ఎక్కువేనట కదా," అన్నాడు రమణ అంకుల్. ఆయన చెయ్యి నడుం మీదే ఉంది. "వెనక్కి తిరిగి, అది లాగి, తిప్పి, ముందుకు పెట్టాలి. నేను మూడోసారికే పడిపోయాను. అది ఎన్నిసార్లు చేస్తుందో రోజుకి."

"పడిపోయి రెండ్రోజులు ఆఫీసుకి కూడా పోలేదు," అంది ఆంటీ. "బస్తా చిరిగితే ఊడ్చింది నేను."

నేను పక్కన కూర్చుని చూశాను. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లోడర్ సీట్లోకి వెళ్ళాడు. మౌస్‌తో మెల్లగా తల తిప్పాడు. ఎడమ గోడ, పైన హ్యాచ్, వెనక తలుపు, ఎదురుగా ఫిరంగి. మళ్ళీ ఎడమ గోడ. చాలాసేపు అంతే. మ్యూజియంకి వచ్చినవాడిలా కాదు, అద్దెకి ఇల్లు చూడటానికి వచ్చినవాడిలా చూస్తున్నాడు.

"ఇక్కడ ఫ్యాన్ లాంటిదేమైనా ఉంటుందా?" అన్నాడు.

"గాలి వచ్చే గొట్టం ఒకటి ఉంటదంకుల్. గీయలేదు మేము."

"గియ్యండి," అన్నాడు.

టీ తాగుతూ చెప్పాడు. కూతురు పేరు హారిక. ఇక్కడే పుట్టింది. మెకానికల్ ఇంజినీరింగ్ రెండేళ్ళు చదివి, మానేసి, ఆర్మీలో చేరతానంది. ట్యాంకుల్లోకి వెళ్తానంది.

"పిచ్చా నీకు అన్నాను. ఇంకా చాలా అన్నాలే, అవి ఇప్పుడెందుకు. ట్రైనింగ్ అయిపోయాక పరేడ్‌కి రమ్మని విమానం టికెట్లు కూడా అదే బుక్ చేసింది. ఆడిట్ ఉంది, రాలేనన్నాను." కప్పు కింద పెట్టాడు. "ఆడిట్ లేదు."

"అప్పట్నుంచి ఫోన్ నాకే చేస్తుంది," అంది ఆంటీ. "నాన్న ఎలా ఉన్నాడమ్మా అని నన్నడుగుతుంది. ఈయన పక్కనే ఉంటాడు, గోడలాగా. బాగున్నాడే అని నేను చెప్తాను. వాళ్ళిద్దరి మధ్య నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్."

"నవంబర్ చివర్లో, థాంక్స్‌గివింగ్‌కి వారం సెలవు మీద వస్తోంది," అన్నాడు అంకుల్. "ఆ తర్వాత వాళ్ళ యూనిట్ యూరప్ వెళ్తుంది. తొమ్మిది నెలలు. ఆ వారంలో దాంతో మాట్లాడాలి. సారీ చెప్పడం కాదు. అది రెండు నిమిషాల పని, చెప్పేస్తా. ఆ తర్వాత ఏం మాట్లాడను? దాని పని గురించి ఒక్క ముక్క తెలీదు నాకు. ఏమడగాలో కూడా తెలీదు. చదువుతున్నప్పుడైతే క్లాసెస్ ఎలా ఉన్నాయనేవాణ్ణి. ఇప్పుడేమనాలి, గుండ్లు ఎలా ఉన్నాయనా?"

అందుకని కొన్నాడు మా సిమ్యులేటర్. హారిక వచ్చాక ఆమెని పక్క సీట్లో కూర్చోబెట్టి, నీ పని నాకు నేర్పించు అని అడగాలని ఆయన ఆలోచన. ఇంటర్నెట్ మీద ఇద్దరు ఒకే ట్యాంకులో కూర్చునే వీలు మా దాంట్లో ఉంది.

నేను వచ్చింది ఎందుకో అప్పుడు చెప్పాల్సి వచ్చింది. నవంబర్ అప్‌డేట్‌లో ఆ సీటు ఉండదని చెప్పాను. థాంక్స్‌గివింగ్‌కి రెండు వారాల ముందు వస్తుంది అది.

ఆయన వాదించలేదు. "అప్‌డేట్ వేసుకోకపోతే?" అన్నాడు.

"ఒక్కరే ఆడుకుంటే నడుస్తదంకుల్. ఇద్దరు కలవాలంటే కొత్త వెర్షనే కావాలి."

"ఊఁ," అన్నాడు. క్వాలిటీలో పనిచేసే మనిషి, కారణాలు చెప్తే అర్థం చేసుకుంటాడు. హెడ్‌ఫోన్స్ తీగ చుట్టి, జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

సోమవారం డయాన్‌తో మాట్లాడాను. ఒక్క యూజర్ కోసం సీటు నిలపలేమని ఆమె ముందే అంది. అది సబబే. ఆ ఒక్క సీటు పరీక్షకి ప్రతిసారీ ఒక మనిషి సమయం పోతుంది. నేను ఆయన ఇంట్లో చూసింది చూసినట్టు చెప్పాను. బియ్యం బస్తాల దగ్గర ఆమె నవ్వలేదు.

"ఇంతకీ ఆ సీట్లో కూర్చుని ఏం చేస్తాడు?" అంది.

"చుట్టూ చూస్తాడు."

ఆమె జాబితా తెరిచి, ఆ వరసని నవంబర్ నుంచి వసంతకాలం అప్‌డేట్‌కి మార్చింది. "పరీక్ష నువ్వే చెయ్యాలి మరి, నీ టైంలో," అంది. "మోకాలు కూడా సరిచెయ్యి. ఆయన చెప్పింది కరెక్టే, చూడటానికి దరిద్రంగా ఉంది."

అక్టోబర్‌లో కొన్ని శనివారాలు వాళ్ళింటికి వెళ్ళాను. యూజర్ విజిట్ అని రాసుకునేవాణ్ణి గానీ, సగం ఆంటీ వంట కోసమే. నేను గన్నర్‌గా, అంకుల్ లోడర్‌గా కూర్చునేవాళ్ళం. లోడర్ గుండు పెట్టాక, ఫిరంగి వెనక్కి దూసుకొచ్చే దారిలోంచి పక్కకి తప్పుకుని, "అప్!" అని అరవాలి. గుండు సిద్ధం, నేను దారిలో లేను అని దానర్థం. ఆ మాట వినపడందే పేల్చకూడదు. అంకుల్‌కి అరవడం రాలేదు. మీటింగ్‌లో చెప్పినట్టు "అప్" అనేవాడు.

"గట్టిగా అంకుల్. ఇంజిన్ చప్పుడు ఉంటది."

"అప్!"

"వస్తున్నా ఉండండి!" అనేది వంటింట్లోంచి ఆంటీ.

థాంక్స్‌గివింగ్ అయిన శనివారం భోజనానికి రమ్మన్నారు. ఈపాటికి తండ్రీకూతుళ్ళు మాట్లాడుకునే ఉంటారనుకుని వెళ్ళాను. తలుపు దగ్గరే ఆంటీ గొంతు తగ్గించి చెప్పింది. "సారీ చెప్పాడు నాయనా, ఎయిర్‌పోర్ట్‌లోనే. అది ఇట్స్ ఓకే నాన్నా అంది. అయిపోయింది. మూడ్రోజుల నుంచి వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు."

హారిక నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. జుట్టు గట్టిగా వెనక్కి ముడిచి, కుర్చీలో నిటారుగా కూర్చుంది. నాతో కూడా చాలా మర్యాదగా మాట్లాడింది. అంకుల్ కంప్యూటర్ గది తలుపు మూసి ఉంది. ఆయనింకా ఆ మాట ఎత్తలేదని తెలిసిపోయింది.

అన్నం వడ్డిస్తుంటే హారిక పప్పు గిన్నె కోసం చెయ్యి చాపింది. చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచేతి కింద నెలవంక ఆకారంలో కాలిన మచ్చ.

అంకుల్ చూశాడు. "అది అడుగు మూతా?" అన్నాడు.

ఇది కొంచెం చెప్పాలి. ఈ ట్యాంక్ గుండ్లలో, పేలినప్పుడు తొడుగంతా కాలిపోతుంది. మిగిలేది అడుగున ఉండే ఇనప మూత ఒక్కటే. సలసల కాగుతూ వెనక్కి ఊడిపడుతుంది. లోడర్ చెయ్యి అక్కడ ఉంటే అంటుకుంటుంది.

హారిక చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. "వాట్?"

"గుండు పేలాక పడుతుందే, ఆ మూత. నువ్వు ఎడం చెయ్యి తొందరగా తియ్యలేదు. ఫిరంగి పక్కన అడ్డుగా ఉంటుందే, ఆ గార్డ్‌కి అటువైపు ఉండాలి కదా చెయ్యి."

"నాన్నా. నీకు ఎలా తెలుసు అది?"

ఆయన నా వంక చూశాడు. నేను అన్నం వంక చూశాను. "తిన్నాక చూపిస్తా," అన్నాడు ఆయన. ఆమె తినేదాకా ఆగలేదు. ఎంగిలి చేత్తోనే లేచి ఆ గది తలుపు తీసింది.

స్టూలు, హెడ్‌ఫోన్స్, టేప్ చుట్టిన బస్తాలు. అంకుల్ వెనకే వెళ్ళి, మోకాలు ఎక్కడ పెట్టాలో, గుండు ఎలా తిప్పాలో, ఎక్కడికి తప్పుకోవాలో వరసగా చెప్పుకుంటూ పోయాడు. పాఠం అప్పజెప్పే పిల్లాడిలా. "రోజూ చూస్తున్నా. నువ్వు కూర్చునే చోటు మొత్తం తెలుసు నాకు. గాలి గొట్టం కూడా పెట్టించా."

హారిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో, ఏడుస్తోందో తెలియలేదు.

"నాన్నా, నేను లోడర్ కాదు ఇప్పుడు. జనవరిలో మూవ్ చేశారు నన్ను. ఐయామ్ ది గన్నర్. అమ్మకి చెప్పాను కదా!"

అందరం ఆంటీ వైపు తిరిగాం. ఆంటీ చేతిలో నెయ్యి గిన్నె.

"చెప్పింది," అంది ఆంటీ. "నేనే చెప్పలేదు. లోడర్ అంటే సామాను ఎత్తడం, పెట్టడం, ఏదో గోడౌన్ పనిలా ఉంది, ఈయన నిద్రపోతున్నాడు. గన్నర్ అంటే పేరులోనే గన్ ఉంది. బీపీ మనిషి. ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నా."

"ఏడాదిగా?" అన్నాడు అంకుల్.

"మీరు ఒక్కసారి ఫోన్ తీసుకుని దాన్నే అడిగుంటే తెలిసేది."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. "అయితే ఇన్నాళ్ళూ నేను కూర్చుంది ఇంకెవరి సీట్లోనో," అన్నాడు.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. హారిక నా వైపు చెయ్యెత్తి ఆపింది. చెయ్యి కడుక్కుని వచ్చి, నేల మీద ఆయన పక్కనే కూర్చుంది.

"లోడర్ సీట్‌లో ఎవరూ కూర్చోరు నాన్నా. నాకే బోర్ కొట్టేది. నువ్వు ఎంతసేపు కూర్చున్నావు అక్కడ?"

"సాయంత్రాలు."

"గేమ్‌లో ఏం చేశావు?"

"ఏం చేస్తా. కూర్చున్నా."

ఆమె నా లాప్‌టాప్ అడిగి తీసుకుంది. ఆ ట్యాంకులోనే గన్నర్ సీట్లోకి వెళ్ళింది. అసలు గన్నర్ మా బొమ్మ సైట్‌లోంచి చూస్తుంటే, తప్పులు రాసుకోడానికి నేను ఫోన్ తీశాను. రెండు స్విచ్‌లు తప్పు చోట ఉన్నాయంది. తర్వాత గొంతు మారింది. అప్పటిదాకా విన్న మర్యాద గొంతు కాదది.

"లోడర్! ఏంటి స్లీపింగా? లోడ్ చెయ్యి!"

అంకుల్ ఉలిక్కిపడి మోకాలి స్విచ్ నొక్కాడు. తలుపు తెరుచుకుంది. గుండు తీశాడు, తిప్పాడు, పెట్టాడు.

"నాన్నా ఎల్బో! ఎల్బో లోపలికి పెట్టు, పోతుంది అది!"

"పెట్టాను, పెట్టాను. అప్!"

ఈసారి వీధిలోకి వినిపించి ఉంటుంది. హారిక పేల్చింది. మొదటి గుండుకే తగిలింది. నెల రోజులుగా గన్నర్‌గా నాకు ఒక్కసారి కూడా అలా తగల్లేదని అంకుల్ వెంటనే అందరికీ చెప్పాడు. అన్నం చల్లారిపోతోందని ఆంటీ రెండుసార్లు వచ్చి చెప్పి, మూడోసారి కుర్చీ తెచ్చుకుని కూర్చుంది.

మధ్యలో ఎప్పుడో, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే అడిగాడాయన. "నీ లోడర్ ఎవరే ఇప్పుడు?"

"కొత్త అమ్మాయి. ఒహాయో నుంచి. నైన్టీన్ దానికి."

"సరిగ్గా తింటుందా? అంత బరువు ఎత్తాలి."

హారిక చేతులు కీబోర్డ్ మీద ఆగాయి. "నన్ను అడగలేదు నువ్వు ఇది, ఎప్పుడూ."

అంకుల్ హెడ్‌ఫోన్స్ తీసేశాడు. "నువ్వు తిన్నావా అమ్మా సరిగ్గా? అప్పుడు?"

"లేదు," అంది. "ఫస్ట్ కొన్ని నెలలు, లేదు."

అక్కడి నుంచి ఆ మాటలు నావి కావు. ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచి పెరుగన్నం పెట్టింది. నేను బయల్దేరేటప్పటికి గదిలోంచి ఇద్దరి గొంతులూ ఒకదాని మీద ఒకటి వినిపిస్తున్నాయి. యూరప్‌లో చలి గురించి, వేసుకునే బూట్ల గురించి, ఆ ఒహాయో అమ్మాయికి పంపాల్సిన కంది పొడి గురించి.

హారిక వెళ్ళాక, డిసెంబర్‌లో ఆంటీ నాకు ఫోన్ చేసి ఇంకో ఫిర్యాదు చెప్పింది. "ఇప్పుడు ఫోన్ ఆయనకే చేస్తోంది నాయనా. అమ్మ ఎలా ఉంది అని ఆయన్నడుగుతోంది. నేను పక్కనే ఉంటా." ఆ ఫిర్యాదులో బాధేమీ లేదు.

జనవరిలో అంకుల్ దగ్గర్నుంచి ఒక టికెట్ వచ్చింది. చాలా రోజులకి. తీవ్రత: లో. "లోడర్ సీట్లోంచి చూస్తే ఫిరంగికి అవతల గన్నర్ హెల్మెట్, భుజం మాత్రమే కనిపిస్తున్నాయి. గన్నర్ ఒక్కసారి ఇటు తిరిగే వీలుందా? లేకపోతే పర్వాలేదు."

మామూలుగా ఇలాంటివి మేం ఒప్పుకోం. మాన్యువల్‌లో ఉన్నదే చేస్తాం. గన్నర్ నుదురు సైట్‌కి ఆనించి ఉండాలని మాన్యువల్ చెప్తుంది, పక్కకి తిరగమని ఎక్కడా లేదు. హారికకే మెయిల్ రాసి అడిగాను. రెండ్రోజులకి జవాబొచ్చింది. డ్రిల్ ప్రకారం తిరగం అని రాసింది. కళ్ళు సైట్ మీదే ఉండాలి. కానీ కమాండర్ సీజ్ ఫైర్ అన్నాక, ఇక పేల్చేది లేదన్నాక, తను మొట్టమొదట చూసేది లోడర్ వైపేనట. చేతులు రెండూ బాగానే ఉన్నాయా అని. ఎవరూ నేర్పలేదు, అందరూ చూస్తారు అని రాసింది.

ఆ మెయిల్‌ని డయాన్‌కి పంపాను. రియలిస్టిక్ అని మేం డబ్బా మీద రాసుకుంటాం కాబట్టి ఇది చేయాల్సిందేనని ఆమె అంది. తీసేయాల్సిన వాటి జాబితాలోంచి లోడర్ సీటుని కూడా తనే కొట్టేసింది. నేను ఆ కదలిక చేయడానికి ఒక వారం పట్టింది. సీజ్ ఫైర్ అన్నాక గన్నర్ సైట్ మీంచి తలెత్తి, ఎడమవైపు తిరిగి, ఒక క్షణం చూసి, మళ్ళీ ముందుకు తిరుగుతుంది.

ఈ కేస్ నా పనిలో మార్చింది ఒకటుంది. అంతవరకూ ఒక సీటు పనికొస్తుందా లేదా అన్నది, అందులో కూర్చున్న మనిషి ఏం చేస్తున్నాడన్నదాన్ని బట్టి తేల్చేవాణ్ణి. రమణ అంకుల్ ఆ సీట్లో ఏమీ చేయలేదు. ఏమీ చేయకుండా కూర్చున్నవాడు ఎవరి కోసం కూర్చున్నాడన్న ప్రశ్నకి టెలిమెట్రీలో చోటు లేదు. కాబట్టి ఇప్పుడు ఏదైనా తీసేసే ముందు, దాన్ని వాడే ఆ ఒకరిద్దరికీ ఫోన్ చేస్తాను. చాలాసార్లు వాళ్ళు పర్వాలేదు, తీసేయండి అనే అంటారు. అయినా చేస్తాను.

మా పద్ధతిలో, సరిచేశామని మేం రాస్తే సరిపోదు. టికెట్ పెట్టినవాళ్ళు చూసి, సరిగ్గా ఉందని రాస్తేనే అది మూసుకుంటుంది. అంకుల్ ఇంతవరకూ ప్రతి టికెట్‌నీ ఇంగ్లీషులో, ఎన్నిసార్లు పరీక్షించాడో, ఏ వెర్షన్‌లో పరీక్షించాడో అన్నీ రాసి మూసేవాడు. దీన్ని మాత్రం తెలుగులో, ఒక్క మాటతో మూసేశాడు.

"చూసింది."